క్యాష్‌బ్యాక్‌ను కొట్టి చూసిన బాపు

మొన్న శనివారం సూపర్‌మార్కెట్లో బిల్లు కట్టి బయటికి వస్తుంటే జేబులో ఫోను టింగుమంది. డెబిట్ కార్డుతో సామాను కొన్నందుకు ఇంత క్యాష్‌బ్యాక్ మీ ఖాతాలో జమ చేశాం, అభినందనలు అని బ్యాంకువారి కబురు. నేను చూసుకోకుండానే ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, మధ్యవేలు మడిచి, దాని వీపు మీద టకటకమని కొట్టి విన్నాను. తలుపు దగ్గర కాపలా ఉన్న ఖాజా భాయ్ నావంక చూసి నవ్వలేదు. తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు.

ఆయన పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. రాస్తే, 'నా పేరెందుకు రాసినవ్, నీకేం లాభం' అని పైనుంచైనా అడగగలడు. జనగామలో హన్మకొండ రోడ్డు మీది ఆ సూపర్‌మార్కెట్లో అందరూ ఆయన్ని ఎదురుగా బాపు అనేవాళ్లు. వెనకమాత్రం గీకుడు బాపు. మా దగ్గర కార్డు వాడటాన్ని గీకడం అంటారు. మిగతా మనుషులు ఎప్పుడో ఒకసారి గీకుతారు. ఈయన గీకడమే వృత్తిగా పెట్టుకున్నాడు.

మొదటిసారి చూసింది బిల్లు వరుసలోనే. నా బండి నిండా నెల సామాను. అప్పట్లో మా ఆవిడ నాకు కార్డు ఇచ్చేది కాదు, ఫోనులో డబ్బులు ఉంచేది కాదు; ఇస్తే నేను సగం మార్కెట్‌ను ఇంటికి తోలుకొస్తానని ఆమె నమ్మకం. అందుకని లెక్కపెట్టిన నోట్లు జేబులో పెట్టి పంపేది. నా వెనక ఖాళీ చేతులతో ఒక పొట్టి మనిషి. బట్టతల. కనుబొమలు మాత్రం ఒక్కొక్కటి ఒక చీపురుకట్ట. మెడ ముందుకు వంగి, చూపు పైకి లేచి, ఎప్పుడూ ఇంటి కప్పు ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నట్టు ఉండేవాడు. నా చెవిలో గుసగుసగా అన్నాడు.

"సారూ, బిల్లు పైసలతోనా, కార్డుతోనా?"

"పైసలతోనే. ఎందుకు?"

"గట్లయితే గా పైసలు నాకియ్యి. నేను గీకుత."

ఆ అన్న తీరులో నాకు ఒక దొంగనోట్ల ముఠా, రెండు రాష్ట్రాల పోలీసులు, మరుసటి రోజు పేపర్లో నా ఫొటో కనిపించాయి. జేబు గట్టిగా పట్టుకున్నాను. అంతలో ఆయనే నన్ను పైనుంచి కిందికి చూసి, "నోట్లు మంచియేనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అనుమానించే హక్కు నాదైతే, లాక్కుని ఆయన వాడుకుంటున్నాడు. ఆ రోషంలో నోట్లు తీసి చేతిలో పెట్టాను. ఒక్కొక్కటి ట్యూబులైటుకు ఎత్తి చూశాడు, వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు, వాసన కూడా చూశాడు. వెనక వరుస బస్టాండు దాకా పెరిగింది.

తర్వాత కార్డు బయటికి తీశాడు. చొక్కా జేబుకు పిన్నీసు. పిన్నీసు విప్పితే దస్తీ. దస్తీలో కవరు, ఆ కవరులో ఇంకో కవరు. పెండ్లిలో పుస్తె కూడా అంత భద్రంగా బయటికి రాదు. పిన్ నంబరు కొట్టేముందు మిషన్ మీద తువ్వాల కప్పాడు, తువ్వాల మీద తాను వంగాడు, నన్ను అటు తిరగమన్నాడు, బిల్లు కొట్టే పిల్లను కళ్లు మూసుకోమన్నాడు. ఖాజా భాయ్‌ని పిలిచి పైనున్న కెమెరాకు అడ్డంగా నిలబడమన్నాడు. చివరికి వేలు మడిచి మిషన్ నెత్తిన టకటకమని కొట్టి, విని, తృప్తిపడి, అప్పుడు గీకాడు.

సంగతి ఇదీ. ఆయన బ్యాంకువాళ్లు శని, ఆదివారాల్లో ఆ మార్కెట్లో వెయ్యి దాటిన ప్రతి బిల్లు మీదా కొంత సొమ్ము తిరిగి ఇచ్చేవాళ్లు. బాపు ఇంట్లో ఆయనా, ఆయన ఇల్లాలు అవ్వా ఇద్దరే. వాళ్ల ఉప్పూపప్పూ నెలంతా కలిపినా వెయ్యి దాటదు. కాబట్టి ఊళ్లోవాళ్ల బిల్లులు ఈయన కార్డుతో కట్టి, వాళ్ల నోట్లు తీసుకుని, సోమవారం పొద్దున్నే వెళ్లి బ్యాంకు మిషన్‌లో మళ్లీ ఖాతాలో వేసుకునేవాడు. పత్తి అమ్ముకొచ్చిన రైతులు, వడ్ల పైసలు చేతబట్టుకుని సామానుకొచ్చిన వాళ్లు ఆయనకు దొరికిన బంగారు గనులు.

ఇంత బహిరంగంగా జరిగే పనిమీద జనానికి ఎంత అనుమానమో. ఖాజా భాయ్ లెక్కలో ఆయన నల్లడబ్బును తెల్లగా ఉతుకుతున్నాడు. "కాలా పైసా సార్, పక్కా," అనేవాడు. నల్లడబ్బున్న మనిషి గోధుమపిండి సంచుల మధ్య ఎందుకు నిలబడతాడని అడిగితే, "గదే కదా సార్ తెలివి," అనేవాడు. మా ఆవిడ ఇంకా లోతుకు పోయింది. "ఆయనకు ఎక్కడనో రెండో సంసారం ఉన్నది. గా ఖర్చు గిట్ల గుంజుతున్నడు." నేను ఆ కనుబొమలను తలుచుకుని, మొదటి సంసారమే ఎట్లా కుదిరిందా అనుకున్నాను.

ఒకరోజు పుచ్చకాయల దగ్గర పట్టుకుని అడిగేశాను. ఆయన కాయలు కొట్టి వింటున్నాడు. కొనడానికి కాదు, అలవాటు.

"బాపూ, నెలకు ఎంతొస్తది నీకు?"

"ఎంతొస్తే ఏంది సారు. ఎందుకొస్తందో గది చెప్పు."

"బ్యాంకువాళ్లు ఇస్తున్నరు."

"బ్యాంకోడు నాకు మేనబావా? నేను కారంపొడి కొంటె వాడెందుకు పైసలియ్యాలె? ఊకె ఎవడియ్యడు." కాయ పక్కన పెట్టి నా దగ్గరికి జరిగాడు. "అడగకుండ ఇచ్చినోడు ఎన్నటికన్న అడుగుతడు. గా దినం వాని మొఖాన కొట్టాలె. అందుకే ఒక్క రూపాయి ముట్టలె. అన్నీ గాడనే పడున్నయి."

"ముట్టనప్పుడు ఇంత తిప్పలెందుకు మరి?"

"కొట్టి సూస్తున్న," అన్నాడు, పుచ్చకాయ మీద వేలు ఆడిస్తూ. "లోపల ఏమున్నదో తెల్వాలె కద."

నేను నమ్మలేదు. ఏ దొంగా ఇంత మంచి కథ చెప్పడు నిజమే, కానీ పెద్ద దొంగ చెప్పవచ్చు. ఆ రోజు నుంచి నేను సామాను కోసం పోవడం మానేసి ఆయన్ని కనిపెట్టడానికి పోసాగాను. మధ్యలో సామాను కూడా కొనేవాణ్ణి.

అలాంటి ఒక ఆదివారం ఆయనకు ఫోనొచ్చింది. చెవి సరిగా వినపడదని స్పీకరు పెట్టాడు. ఒక అమ్మాయి గొంతు చాలా మర్యాదగా, మీ ఖాతాలో లావాదేవీలు అసాధారణంగా ఉన్నాయి, భద్రత కోసం మీ పుట్టినతేదీ చెప్పండి అంది.

"ముందుగాల నీ పుట్టినతేది చెప్పు," అన్నాడు బాపు.

"సార్, నేను బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను."

"బ్యాంకు నుంచైతే నా పైసలెన్నున్నయో చెప్పు. జర చూద్దాం."

"మీరెవరో తేలకుండా నేను చెప్పకూడదు సార్."

"నువ్వెవరో తేలకుండ నేను చెప్పొద్దు బిడ్డ."

మార్కెట్ మార్కెట్టంతా బండ్లు ఆపి వింటోంది. ఖాజా భాయ్, "బాపూ, ఫ్రాడ్ వాళ్లు, పెట్టేయ్," అని పక్కనుంచి ఊదాడు. మనిషిమనిషికీ ఆ రోజుల్లో ఇట్లాంటి ఫోన్లు వచ్చేవి, ఇట్లాగే మోసపోయేవారు. బాపు మోసపోలేదు. అమ్మాయిని బాగా తిట్టి, ఇంకోసారి చేస్తే ఠాణాకు పోతానని చెప్పి పెట్టేశాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ పక్క నిజంగానే బ్యాంకు ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మరుసటి శనివారం కార్డు గీకితే మిషన్ వద్దంది. మళ్లీ గీకాడు. మళ్లీ వద్దంది. బాపు మిషన్‌ను కొట్టి విన్నాడు, కార్డును కొట్టి విన్నాడు. అప్పటికే ఒక రైతు నోట్లు ఆయన చేతిలో ఉన్నాయి. ఆ రైతు వాటిని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. వరుసలో ఎవరో, "నేను ముందుగాల్నే అనలె?" అన్నారు. ఖాజా భాయ్ దగ్గరికొచ్చి, కళ్లు నేలమీద పెట్టి, "బాపూ, బయట కూసోండి. మేనేజర్ అంటుండు," అన్నాడు.

ఆయన ముఖం అప్పుడే మొదటిసారి చూశానేమో అనిపించింది. చీపురుకట్టలు రెండూ కిందికి వాలిపోయాయి. బయట మెట్లమీద కూర్చున్నాక చెప్పాడు. ఆ ఖాతాలోనే పెన్షన్ పడుతుంది. బొగ్గుబాయి పెన్షన్, చేటెడు కాదు, చిటికెడు. అదొక్కటే ఆధారం. ఖాతా ఆగితే అవ్వ మందులూ ఆగుతాయి, ఇంటి కిరాయీ ఆగుతుంది. ఖాతా ఉన్న బ్రాంచి భూపాలపల్లిలో. పోయి తానే తానని రుజువు చేసుకోవాలి.

"నేనొస్త పా బాపూ," అన్నాను.

"నువ్వెందుకొస్తవ్?" అన్నాడు వెంటనే. "నీకేం లాభం?"

"పుణ్యం," అన్నాను. అదైతే అసలు నమ్మలేదు. బస్సు టికెట్ మాత్రం తనది తానే కొనుక్కున్నాడు.

హన్మకొండలో బస్సు మారి, పరకాల దాటి, భూపాలపల్లి పోయేలోపల ఆయన కొట్టి చూడని వస్తువు లేదు. బస్సు రేకు, సీటు చెక్క, కిటికీ కమ్మి, ఒకసారి నా వీపు. నేను ఉలిక్కిపడితే, "లోపల దగ్గున్నది నీకు, దవాఖాన్ల చూపెట్టుకో," అన్నాడు. చూపెట్టుకుంటే ఏమీ లేదు. ప్రతిసారీ ఒప్పే కావాలంటే ఎట్లా.

పరకాల దాటాక, అడగకుండానే తనంత తాను చెప్పాడు. బాయిలోకి దిగినప్పుడు మొట్టమొదటి పని, నిలబడబోయే చోట పైకప్పును కర్రతో కొట్టి వినడమట. గంట మోగినట్టు ఖంగుమంటే నిలబడొచ్చు. డప్పు మోగినట్టు బోలుగా వస్తే ఉరకాలి. "నా తోటోడు ఒకడు. నిన్ననే కదా కొట్టినం, మళ్లెందుకన్నడు. నిన్న మోగిందే, నేడు బోలయితది సారు. నేను ఇవతల ఉన్న. వాడు అవతల ఉన్నడు." అంతే. ఆ తర్వాత భూపాలపల్లి దాకా ఒక్క వస్తువునూ కొట్టలేదు.

నాకు అప్పుడు తెలిసింది ఆయన జనగామలో ఎందుకు స్థిరపడ్డాడో. పుట్టింది నర్సింహులపేట వైపు, బతికింది భూపాలపల్లి భూమికింద. రిటైరయ్యాక ఊరికి పోకుండా జనగామ ఎందుకని ఒకసారి అడిగితే, "గీడ నేల కింద బండ. నడిస్తే బోలు సప్పుడు రాదు," అన్నాడు. నేను జోకనుకుని పదిమందికి చెప్పి నవ్వించాను.

బ్యాంకు మేనేజరు నడివయసు మేడమ్. కళ్లజోడు పైనుంచి ఆయన్ని చూసింది. ఆయన బల్లను కొట్టి చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"టేకు కాదు మేడం. టేకని చెప్పి అమ్మిండ్రు మీకు."

ఆమె ముఖం గంటు పెట్టుకుని కంప్యూటర్ తిప్పింది. "ప్రతి శనివారం ఖర్చు, ప్రతి సోమవారం నగదు జమ. ఒకే కొట్టు, ఒకే గంటలో అన్ని బిల్లులు. మీ ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

"ఇద్దరికి ఇన్ని చంటిపిల్లల డైపర్లా?" బిల్లులో ఏమున్నదో బ్యాంకుకు తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం బ్యాంకువాళ్లకు అంతా కనిపిస్తుందనుకున్నాను. ఆయన సంచిలోంచి తీసి బల్లమీద పెట్టిన బిల్లులే ఆమె చదువుతున్నదని తర్వాత చూసుకున్నాను. అన్నీ దాచి తెచ్చాడు మహానుభావుడు, తనమీద తానే సాక్ష్యంగా. "జుట్టుకు వేసే నల్లరంగు కూడా ఉంది. ఇది ఎవరికి?"

"తెల్వదు మేడం. బిల్లు నాది, బట్టతల నాది. రంగు మాత్రం నాది కాదు."

ఆమె నవ్వకుండా ఉండటానికి పడ్డ కష్టం నాకు కనిపించింది. గొంతు సవరించుకుని, ఇదంతా దేనికి చేస్తున్నారని అడిగింది.

"మీరెందుకిస్తుండ్రో తెల్సుకుందామని."

ఆమె మళ్లీ తెరమీద పైకీ కిందికీ చూసింది. వచ్చిన క్యాష్‌బ్యాకంతా ఖాతాలో అడుగున కదలకుండా ఉంది, ఎండాకాలపు చెరువులో మిగిలిన నీళ్లలాగా. ఆయన చెప్పిన మాట అక్షరాలా నిజమని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. కొంచెం నిరాశగా కూడా అనిపించింది. ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్నది ఒక నిజాయితీపరుణ్ణా అని.

"చూడండీ," అంది మేడమ్, ఈసారి మెల్లగా. "ఇందులో రహస్యమేమీ లేదు. జనానికి కార్డు అలవాటు కావాలి. అలవాటైతే కొట్టుకూ బేరం, మాకూ లాభం. అందుకని కొంత తిరిగి ఇస్తాం."

"అంటే ఎర."

"ఎర కాదండీ. ప్రోత్సాహకం."

బాపు నా వైపు తిరిగాడు. "సారూ, గా మాటకు మన దిక్కు ఏమంటరు?"

"ఎర అంటరు బాపూ."

మేడమ్ తెలివైన మనిషి. ఖాతా తెరిచింది, కానీ ఇకమీద తన సామానుకు తప్ప ఎవరి బిల్లుకూ కార్డు వాడనని కాగితం రాయించుకుంది. నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు. లేచేటప్పుడు, "మేడం, ఇచ్చిన పైసలు మళ్ల అడుగుతరా?" అన్నాడు.

"అడగమండీ. అవి మీవే."

బయటికొచ్చాక బ్యాంకు గోడను కొట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "అడుగుతరు," అన్నాడు.

ఆ తర్వాత ఆయన గీకలేదు. శనివారాలు మాత్రం తప్పలేదు. ఖాజా భాయే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి పుచ్చకాయల దగ్గర నిలబెట్టాడు. "జర కొట్టి చెప్పండి బాపూ," అని జనం కాయలు అందించేవాళ్లు. ఆయన చెప్పింది నూటికి యాభై తప్పేది. తెల్లటి కాయ కోసుకున్నవాళ్లు కూడా మళ్లీ ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. ఒకసారి నేను కొన్నది కూడా అట్లాంటిదే. చెబితే, "నేను కొట్టినప్పుడు మంచిగనే మోగింది. ఇంటికి పోయినంక నువ్వేం చేసినవో," అన్నాడు.

పోయిన చలికాలం కన్నుమూశాడు. నిద్రలోనే. అవ్వ చెప్పిన దాని ప్రకారం, పడుకునేముందు మంచంకోడు కొట్టి చూశాడట.

దినాలయ్యాక కొన్ని నెలలకు అవ్వ మా ఇంటికొచ్చింది. బ్యాంకుకు పోవాలె, తోడు రా కొడకా అంది. ఈసారి నాకేం లాభమని ఎవరూ అడగలేదు.

జరిగిందేమంటే, ఆయన పోయిన కబురు బ్యాంకుకు ఎవరూ చెప్పలేదు. పెన్షన్ ఆయన పేరుమీదే మళ్లీ మళ్లీ పడింది. అవ్వ దాన్ని దేవుడిచ్చినట్టే తీసి దినాలకూ మందులకూ వాడింది. తీసింది పెన్షన్ వరకే. అడుగున ఉన్న క్యాష్‌బ్యాక్ జోలికి పోలేదు. "గవి ముట్టకు, గవి మనయి కావన్నడు కద," అంది బస్సులో. ఇప్పుడు ఆమె పేరున పెన్షన్ మారాలి. మారకపోతే ఆమెకు గడవదు.

పాత మేడమ్ బదిలీ అయిపోయింది. కౌంటరులో కొత్త కుర్రాడు. కాగితాలన్నీ చూసి, తలెత్తకుండా చెప్పాడు. మనిషి పోయాక పడిన పెన్షన్ ప్రభుత్వానికి వెనక్కి పోవాలి. అది వసూలైతే తప్ప అవ్వ పెన్షన్ మొదలు కాదు. ఆ డబ్బు అవ్వ ఎప్పుడో ఖర్చుపెట్టేసింది.

కుర్రాడు ఏవో మీటలు నొక్కి, కొంచెం ఆశ్చర్యంగా అన్నాడు. "పర్లేదు పెద్దమ్మా. ఖాతాలో అడుగున కొంత ఉంది, సరిపోయింది. కంప్యూటరే కోసేసుకుంది. వచ్చే నెల నుంచి మీకు పెన్షన్ పడుతుంది."

ఆ అడుగున ఉన్నదేమిటో నాకు తెలుసు. ఊరి డైపర్లూ, ఊరి నల్లరంగూ, పత్తి రైతుల కారప్పొడి ప్యాకెట్లూ, నా గోధుమపిండీను. అన్నీ కలిసి ఆమె పెన్షన్‌ను విడిపించాయి. నేను సంతోషంతో అవ్వ వంక చూశాను. ఆమె సంతోషించడం లేదు. ఆలోచిస్తోంది.

"అయితే తీస్కున్నరా?" అంది.

"తీసుకున్నాం పెద్దమ్మా."

"అడుగుతరనే అన్నడు మా ఆయన," అంది నాతో. "అడగకుండ ఇచ్చిండ్రు, అడగకుండనే తీస్కున్నరు."

కుర్రాడు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఇక నిశ్చింతగా ఉండండి, వచ్చే నెల తప్పకుండా పడుతుంది అన్నాడు. అవ్వ కొంగుకు వేలు తుడుచుకుంది. తర్వాత మధ్యవేలు మడిచి, కౌంటరు అద్దం మీద టకటకమని కొట్టి, చెవి ఆనించి వింది.

"పా కొడకా," అంది. "వచ్చేనెల మళ్లొచ్చి సూద్దాం."